థింసా వరసలో ఇంకొకరికి చోటు

జపాన్ పిల్లలు ఆడుకునే ఆట ఒకటుంది, పేరు ఫ్రూట్స్ బాస్కెట్. అందరూ గుండ్రంగా కూచుని ఒక్కొక్కరు ఒక్కో పండు పేరు పెట్టుకుంటారు. పిలిచిన పండు పేరుగలవాళ్లు లేచి చోట్లు మార్చుకోవాలి. తోరు హోండా అనే చిన్నపిల్లకు తోటివాళ్లు పండు పేరు ఇవ్వలేదు, అన్నం ముద్ద అని పెట్టారు. పళ్ల బుట్టలో అన్నం ముద్దను ఎవరు పిలుస్తారు? ఆ పిల్ల తన పేరు కోసం ఎదురుచూస్తూ అలాగే కూచుంది.

తకాయా నట్సుకి 1998లో మొదలుపెట్టిన బొమ్మల కథలోది ఈ ముచ్చట. కథ పేరు కూడా ఆ ఆటదే. 2001లో ఒకసారి, 2019 నుంచి 2021 దాకా మరోసారి టీవీ యానిమేషన్‌గా వచ్చింది. పెద్దయిన తోరు తల్లిని పోగొట్టుకుని గుడారంలో ఉంటూ బడికి వెళుతుంటే, సోమా ఇంటివాళ్లు చేరదీస్తారు. ఆ ఇంట్లో కొందరికి శాపం: ఆడపిల్ల వాటేసుకుంటే మగపిల్లాడు ఎలుకగానో, పిల్లిగానో మారిపోతాడు. నవ్వంతా అక్కడే పుడుతుంది, దుఃఖమూ అక్కడే. దగ్గరకు తీసుకోవడమే కుదరని ఇంట్లో పరాయిపిల్ల సొంతమనిషి కావాలి మరి.

ఆ కథ చూసినప్పుడల్లా నాకు అరకు గుర్తొస్తుంది. అక్కడా ఒక గుండ్రం ఉంది. కాకపోతే అందులో దగ్గరకు తీసుకోవడంతోనే ఆట మొదలవుతుంది. అదే థింసా నాట్యం.

అల్లూరి సీతారామరాజు జిల్లా కొండల్లో, సరిహద్దుకు అటువైపు ఒడిశాలోని కొరాపుట్‌లో ఆడే ఆట ఇది. బగతలు, వాల్మీకులు, కొండదొరలు, కోటియాలు, పోర్జలు, గదబలు, ఖోండులు... ఫలానా తెగది మాత్రమే అనడానికి లేదు. ఖోండుల ఇంట్లో కువి మాట్లాడతారు, గదబలది వేరే మాట, సంతలో అందరినీ కలిపేది ఆదివాసీ ఒడియా. ఇన్ని నోళ్లున్న చోట అందరికీ ఒకేలా అర్థమయ్యేది అడుగు. థింసా అంటే అడుగుల చప్పుడని అర్థం చెబుతారు.

ఇందులో చూడాల్సింది ముందు చేతులను. ఆడవాళ్లు భుజం భుజం ఆనించి వరసగా నిలబడతారు. ఒక్కొక్కరి చెయ్యి పక్కమనిషి వీపు వెనకగా పోయి అక్కడ ఇంకో చేతిని గట్టిగా పట్టుకుంటుంది. అలా అందరి వెనకా ఒక జడ అల్లుకుంటుంది. ముందునుంచి చూసేవాళ్లకు ఆ జడ కనపడదు, కానీ ఆటంతా దానిమీదే నిలబడి ఉంటుంది. చేతులు అలా బిగిశాక ఎవరూ ఒంటరిగా అడుగు వెయ్యలేరు. ముందుకు వంగితే అందరూ వంగాలి, వెనక్కి వస్తే అందరూ రావాలి. కొత్తపిల్ల అడుగు తప్పితే నోటితో చెప్పేవాళ్లుండరు. పక్కనున్న ఒళ్లే ఆమెను ఇటో అటో సర్దేస్తుంది. నాలుగు చుట్లు తిరిగేసరికి కాలు దానంతటదే దారిలో పడుతుంది. ఇంత మెత్తగా నేర్పే గురువు నాకు ఇంకే నాట్యంలోనూ కనపడలేదు.

వాయిద్యాలు మగవాళ్లవి: డప్పు, తుడుము, మోరి, కిరిడి, జోడుకొమ్ములు. తుడుము అడుగును పట్టి ఉంచుతుంది, మోరి దాని మీద రాగం తీస్తుంది. ఆడవాళ్ల కాలి అందెల చప్పుడు కూడా ఒక వాద్యమే అనుకోవాలి. వరస పొడుగయ్యేకొద్దీ ఆ చప్పుడు పెరుగుతుంది.

థింసాలు చాలా రకాలు. బోడ థింసా గ్రామదేవత కోసం. కుడివైపు మగవాళ్లు, ఎడమవైపు ఆడవాళ్లు నిలబడతారు. నెమలి ఈకల కట్ట పట్టుకున్నవాడు ముందు నడిస్తే వరసంతా పాములా మెలికలు తిరుగుతూ గుండ్రంలోకి వస్తుంది. గుండేరి థింసాలో మగవాడు పాట పాడి ఆడవాళ్లను ఆటకు పిలుస్తాడు. పోతర్‌తోలా ఆకులు ఏరడాన్ని చూపించే ఆట. రెండు వరసలు నిలబడతాయి, వెనక వరసవాళ్ల చేతులు ముందువాళ్ల భుజాల మీద ఉంటాయి.

నాకు ఇష్టమైనవి మాత్రం భాగ్ థింసా, కుండ థింసా. భాగ్ అంటే పులి. పులి మీద పడితే ఎలా తప్పించుకోవాలో చూపే ఆట. సగంమంది చేతులు పట్టుకుని గుండ్రంగా, మునివేళ్ల మీద నిలబడి తలలు వంచుతూ ఎత్తుతూ ఉంటారు. తక్కినవాళ్లు చరచరా లోపలికి దూరి పాము చుట్టలా చుట్టుకుపోతారు. అడవిలో ప్రాణభయం ఇక్కడ ఆటయింది. కుండ థింసాలో ఊగుతూ ఒకరినొకరు భుజాలతో నెట్టుకుంటారు. ఎంత నెట్టినా వరస తెగకూడదు. వయసు పిల్లల అల్లరికి పెద్దలు తాళం కట్టి మరీ చోటు పెట్టడమంటే ఇదే. జపాన్ బొమ్మల కథల్లో సిగ్గుపడ్డ పిల్లాడి నెత్తిన పెద్ద చెమటచుక్క గీస్తారు, కోపమొస్తే నుదుట నరం గీస్తారు, ఒక్క గీతతో నవ్వు వచ్చేస్తుంది. ఇక్కడ ఆ గీత పని భుజం చేస్తుంది.

చైత్రంలో ఈ కొండల్లో ఇటుకల పండగ వస్తుంది. మగవాళ్లు వేటకు వెళ్లడం ఆనవాయితీ. ఒట్టి చేతులతో తిరిగొస్తే ఆడవాళ్లు ఎగతాళి చేసి పేడనీళ్లు కుమ్మరించేవాళ్లు. ఆడపిల్లలు దారికి అడ్డంగా నిలబడి వచ్చే పోయే బళ్లను ఆపి పండగ డబ్బులు అడుగుతారు. ఇవ్వకుండా పోవడం కష్టం.

ఆ పండగ రోజుల్లోనే ఒక ఊరివాళ్లు ఇంకో ఊరికి వెళ్లి ఆడతారు. దీన్ని సంకిడి కేల్బార్ అంటారు. ఆటయ్యాక అందరికీ కలిపి విందు. మొన్నటిదాకా ముఖం తెలియని ఊరిపిల్ల వీపు వెనక చెయ్యి వేసి రాత్రంతా ఆడాక, ఆమె పక్కనే కూచుని తిన్నాక, సంతలో ఎదురైతే పలకరించకుండా ఎలా పోతారు? ఊళ్ల మధ్య చుట్టరికం ఇలా కలుస్తుంది, పెళ్లితో పని లేకుండా.

గిరిజన ఆశ్రమ పాఠశాలల పిల్లలను చూసినప్పుడు, ఆటతో చుట్టరికం కలుస్తుందన్న ఈ మాట ఇంకా గట్టిగా అనిపిస్తుంది. పదేళ్లకూ పన్నెండేళ్లకూ ఇల్లు వదిలి, వేరే కొండ పిల్లలతో, వేరే మాట మాట్లాడే పిల్లలతో ఒకే గదిలో పడుకోవాలి. బడి వేడుకల్లో వాళ్లు థింసా కట్టినప్పుడు ఎవరు ఏ తెగో పోల్చుకోలేం. వార్డెన్లు, టీచర్లు దాన్ని అతిథులు వచ్చిన రోజుకే దాచిపెట్టకుండా, మామూలు సాయంత్రాల్లోనూ ఆడనివ్వాలని నా కోరిక. బడిలో కొత్తగా చేరిన పిల్లకు మొదటి వారంలో అది కావాలి.

ఇప్పుడు అరకు రిసార్టుల్లో చలిమంట చుట్టూ థింసా రాత్రిపూట ప్రదర్శన అయింది. ఆడేవాళ్లకు నాలుగు డబ్బులు వస్తున్నాయి, అది మంచిదే. కానీ గంటలకొద్దీ సాగాల్సిన ఆటను కాసేపట్లో ముగించేస్తే, వేడెక్కాల్సిన కాళ్లు వేడెక్కకముందే చప్పట్లు పడతాయి. అయినా ఒక్కటి పోలేదు. చివర్లో ఆడవాళ్లు చూసేవాళ్లను రమ్మంటారు. విశాఖ నుంచి కాలేజీ పిల్లలు సిగ్గుపడుతూ లేస్తారు. వరసలో ఎక్కడో రెండు చేతులు విడతాయి, మధ్యలోకి ఒక పిల్లను లాక్కుంటాయి, ఆమె వీపు వెనక మళ్లీ బిగుసుకుంటాయి. తుడుము ఆగదు. ఆ పిల్ల మొదటి అడుగు తప్పుతుంది, పక్కనున్న అవ్వ భుజంతో చిన్నగా నెడుతుంది.