కొంగున ముడివేసిన నీరు

మరుధరా! మండే మధ్యాహ్నాల మహారాణీ! నిన్ను వట్టి బీడు అన్నవాళ్లు నీ కొంగు విప్పి చూడనివాళ్లు. నువ్వు లేనిదానివి కావు, దాచుకునేదానివి. మా పల్లెల్లో అమ్మమ్మలు చిల్లర డబ్బులు కొంగున ముడివేసి బొడ్లో దోపుకున్నట్టు, నీళ్లనూ పాటలనూ పాత సముద్రాలనూ ఇసుక కొంగున ముడివేసి దోపుకున్నదానివి.

పొద్దు పొడిచేవేళ జైసల్మేర్ కోట పసుపు పూసుకున్న పెళ్లికూతురు. పొద్దు వాలేవేళ అదే కోట తేనె కారే పట్టు. 1156లో రావల్ జైసల్ కట్టించాడంటారు గానీ, ఆ రాతి వయసు ముందు ఆ ఏడాది నిన్నమొన్నటిది. నీ పసుపురాతి పొరల్లో గవ్వల గుర్తులున్నాయి, శంఖాల సుడులున్నాయి. దాహానికి మారుపేరైన తల్లీ, ఒకనాడు నీ మీద కడలి కదలాడింది! అలలు వెళ్లిపోయాయి, అలల అలవాటు మాత్రం నీ తిన్నెలకు మిగిలిపోయింది. గాలి వీచినప్పుడల్లా దాన్నే నెమరేసుకుంటావు.

కుళాయి తిప్పితే వస్తుంది కనుక మాకు నీటికి ఒక్క పేరు చాలు. నీ బిడ్డలకు మూడు పేర్లు కావాలి. నింగి నుంచి రాలితే పాలర్ పానీ. నేల అడుగున లోతు బావుల్లో ఊరితే పాతాళ్ పానీ. ఆ రెంటి నడుమ, ఇసుకకూ సుద్దపొరకూ మధ్య, చెమ్మగా, చల్లగా, చెప్పీచెప్పని గుట్టులా నిలిస్తే రేజాణీ పానీ. ఒక్క మనిషి ఒదిగేంత సన్నని కుయీ తవ్వి, ఆ చెమ్మ చెమర్చి చుక్కై, చుక్క చుక్క చేరి కుండయ్యేదాకా కాచుకుని కూర్చుంటారు. పాలీవాల్ రైతులైతే వాలుకు అడ్డంగా కట్టలు పోసి, వాన నీటిని పొలంలోనే ఇంకించి, ఆ తడి మీదే చలికాలంలో గోధుమ పండించారు. ఖడీన్ అంటారు దాన్ని. పంజాబ్ వైపు నుంచి ఇందిరాగాంధీ కాలువ కూడా వచ్చింది. పైరు పచ్చబడింది, కొన్నిచోట్ల నీరు నిలిచి నేల చవుడూ తేలింది. గుక్కగుక్కగా బతకడం నేర్చిన నీకు కడుపారా తాగడం పడలేదేమో.

ఇక నీ ఖేజ్‌డీ! ఎండలో ఎముకలా నిలబడి, ఎర్రటి వేసవిలోనూ చిగురించే ఆ చెట్టు ఎవరో తెలిశాక నీ మీద చుట్టరికం కలిసింది. అది మా జమ్మి! దసరా సాయంత్రం ఆకు తెంపి, బంగారమని చేతుల్లో పెట్టి, పెద్దల కాళ్లకు మొక్కే మా జమ్మి. తెలంగాణకూ అదే రాష్ట్ర వృక్షం, నీకూ అదే. మేం ఏడాదికొక్కసారి బంగారమంటాం. నీవాళ్లు ఏడాది పొడవునా దాని చలవన బతుకుతారు. ఆకు ఒంటెకూ మేకకూ, నీడ కాపరికీ, సాంగ్రీ అనే కాయ కేర్ కాయలతో కలిసి సజ్జరొట్టెలోకి కూర.

1730లో జోధ్‌పూర్ దగ్గరి ఖేజడ్లీకి రాజుగారి మనుషులు గొడ్డళ్లతో వచ్చారు. అమృతాదేవి చెట్టును కౌగిలించుకుంది. ఆమె వెనుక ఆమె బిడ్డలు, వాళ్ల వెనుక ఊళ్లకు ఊళ్లు. చెట్ల కోసం 363 మంది బిష్ణోయీలు ప్రాణాలిచ్చారు. పాండవులు జమ్మి మీద ఆయుధాలు దాచారని మేం కథ చెప్పుకుంటాం. నీ నేల మీద జమ్మి కోసం ఆయుధాలకే ఎదురు నిలిచారు.

సూర్యుడు నీకు ఇల్లరికపు అల్లుడు, వచ్చినవాడు వెళ్లడు. 2016 మే నెలలో ఫలోదీలో 51 డిగ్రీలు మండించాడు. ఇన్నాళ్లకు అతగాడికీ పని పురమాయించావు: భడ్లాలో 2,245 మెగావాట్ల పలకల పొలం! బాగుంది గానీ, తల్లీ, ఒక్క అలక. కరెంటు తీగలు తగిలి నీ గోడావణ్ రాలిపోతోంది. అది మా బట్టమేక పిట్ట. మా రోళ్లపాడు గడ్డినేలలు దాని అడుగుల కోసం ఎదురుచూసి అలిసిపోయాయి. దాన్నైనా కొంగున గట్టిగా ముడివేసుకో.

నీ పడమటి అంచున వెయ్యి కిలోమీటర్లకు పైగా సరిహద్దు. ఒంటెల మీద జవాన్ల కాపలా. కొన్నిచోట్ల తిన్నె జరిగి కంచెనే మింగేస్తుంది. మునాబావ్ మీదుగా సింధ్‌కు 2006లో మొదలైన రైలు 2019లో ఆగిపోయింది. అటు ఆడపిల్లనిచ్చిన ఇళ్లలో ఆ పట్టాల మాట వస్తే ఇప్పటికీ గొంతు బరువెక్కుతుంది.

రాత్రి దిగుతుంది. ఇసుక చల్లబడుతుంది. నమాజు ముగించిన మాంగణియార్ ముసలాయన మేకతోలు బిగించిన కమాయిచా వాద్యాన్ని ఒళ్లోకి తీసుకుని, తరతరాల తన రాజపుత్ర యజమానుల ఇంట పుట్టిన బిడ్డకు కృష్ణుడి పాట ఎత్తుకుంటాడు. ఖర్తాల్ చెక్కలు చిటచిటలాడతాయి. అవతల పొయ్యి దగ్గర, పాట వింటూనే, ఓ ఇల్లాలు ఎంగిలి గిన్నెలో గుప్పెడు ఇసుక పోసి, తళతళలాడేదాకా తోమి, దులిపి, బోర్లిస్తుంది. కుండలో నీరు కదలదు.