అబాయా భుజం మీదికి దిగాక

బురఖా మాటెత్తితే మన దగ్గర చర్చ నేరుగా కోర్టు మెట్లెక్కుతుంది. 2022లో కర్ణాటక కాలేజీల హిజాబ్ గొడవ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. అక్టోబర్‌లో ఇద్దరు న్యాయమూర్తులు చెరో తీర్పు ఇచ్చారు. వేసుకోవాలా వద్దా అని ఇంత మాట్లాడుకునే మనం, ఆ బట్టను ఎవరు కత్తిరిస్తారు, ఎలా కుడతారు, చూస్తుండగానే దాని రూపం ఎందుకు మారిపోతుంది అని మాత్రం అడగం. లాడ్ బజార్‌లోనూ, పత్తర్‌గట్టి రాతి కమానుల కిందా బేరమాడే ఆడవాళ్లకు అసలు సంగతి అదే. “నిదా దిఖావ్ భాయ్, జూమ్ నక్కో!” నిదా, జూమ్ రెండూ గుడ్డల రకాలు. ఆ తేడా వేలికొసలతో పట్టేస్తారు.

హైదరాబాద్‌లో ఇప్పుడు ఎక్కువగా కనిపించేది అబాయా, అంటే ఒళ్లంతా కప్పే పొడుగాటి వదులు పైబట్ట. నానమ్మల కాలం బురఖా అది కాదు. నడినెత్తికి టోపీ, చుట్టూ కుచ్చులు, కళ్ల దగ్గర జాలీ ఉన్న తెల్ల బురఖా ఒకటుండేది. రెండు ముక్కల నల్ల బురఖా ఇంకొకటి: కింద కోటులాంటిది, పైన తలమీంచి నడుము దాకా జారేది, ముఖానికి నఖాబ్. 1970లలో చమురు ధరలు పెరిగి గల్ఫ్‌లో పనులు పుట్టాయి. పాతబస్తీ మగవాళ్లు జెద్దా, దుబాయ్, కువైట్ బయల్దేరారు. సెలవుల్లో వాళ్లు తెచ్చే పెట్టెల్లో సెంటు సీసాలు, టేప్‌రికార్డర్లతో పాటు అబాయా కూడా దిగింది. వీధికి ఒక్కటొస్తే చాలు, దర్జీ దాన్ని చూసి పది కుట్టగలడు.

గల్ఫ్‌లోనూ అది మొదటినుంచీ ఇలా లేదు. పాత అబాయాను తలమీంచి కప్పుకునేవారు. రెండు పన్నాలు కలిపి కుట్టి, చేతులు బయటికి రావడానికి దారి వదిలితే పని దాదాపు అయిపోయేది. కలిగినవాళ్లు అంచుకు జరీ వేయించుకునేవారు. ఒంటి కొలతలతో పనే లేదు. ఆ తర్వాత భుజాల మీద నిలిచే అబాయా వచ్చింది. భుజాల తీరు తెలిసిపోతోందని, మగవాళ్లు భుజాల మీద వేసుకునే పైబట్ట బిష్త్‌లా ఉందని సౌదీ మతపండితులు కొందరు గట్టిగా అభ్యంతరం చెప్పారు. ఫత్వాలు వచ్చాయి. ఆడవాళ్లు వినలేదు.

ఒక రకంగా ఆ పండితులకు బట్ట సంగతి బాగానే తెలుసు. తల మీంచి భుజానికి దిగిందంటే చంక కోత కావాలి, చేతులు అతకాలి, మెడ తిప్పాలి, భుజం వాలు చూసుకోవాలి. కత్తెరకు పని దొరికాక ఫ్యాషన్‌ను ఆపడం ఎవరి తరం? సీతాకోకచిలుకలా విచ్చుకునే ఫరాషా, ఘేరా, అంటే కింది చుట్టువెడల్పు, ఎక్కువున్న అంబ్రెల్లా కట్, కోటులా ముందు తెరుచుకునే రకం, అన్నీ ఆ మార్పు వెంట వచ్చినవే.

గుడ్డ కథ ఇంకా చిత్రం. అబాయాకు పేరుపడ్డ నలుపు జపాన్, దక్షిణ కొరియా మిల్లుల నుంచి వస్తుంది. ఆ గుడ్డ పాలిస్టర్, దానికి మెరుపెక్కువ. ఎంత రంగు పట్టించినా వెలుతురు తగిలితే నలుపు తేలిపోతుంది. జపాన్‌లో చావు ఇళ్లకు వేసుకునే దుస్తులు చిక్కటి నలుపులో ఉండాలి. అందుకోసం అక్కడి మిల్లులు పోగు మీద కంటికి ఆనని గుంటలు ఏర్పరచి, వెలుతురు తిరిగి రాకుండా చేసే పద్ధతులు పట్టుకున్నాయి. అబాయా బజారులో కూడా ‘ఫార్మల్ బ్లాక్’ అనే పేరు నడుస్తోంది. టోక్యోలో సంతాపానికి కోరుకునే నలుపే రియాద్‌లో పెళ్లి విందుకూ కావాలి!

ఈ నలుపు దర్జీ ప్రాణం తీస్తుంది. నిదా బల్ల మీద నిలవదు, కత్తెర పెడితే జారుతుంది, అందుకే బరువులు పెట్టి కోస్తారు. గుర్తులకు అరిగిపోయిన సబ్బు ముక్క. నల్ల గుడ్డ మీద నల్ల దారం తప్పితే విప్పడం పట్టపగలు కూడా కళ్లకు శిక్షే. వేడి ఇస్త్రీ పెట్టె నేరుగా తగిలిందా, మెరుపు మరక పడుతుంది, అది పోదు. ఇక కార్చోబ్, అంటే మనం మగ్గం వర్క్ అనేది, ముంజేతుల దగ్గర, ముందు అంచు వెంట చేయిస్తారు. అక్కడ రాళ్లు మరీ ఎక్కువైతే బరువుకు అబాయా మొత్తం ముందుకు లాగేస్తుంది. చవక రకాలకు రాళ్లు వేడితో అంటిస్తారు. అవి ఉతుకు ఉతుకుకూ రాలతాయి.

2016 జనవరిలో ఇటలీ కంపెనీ డోల్చే అండ్ గబ్బానా అబాయాలు విడుదల చేస్తే ప్రపంచ పత్రికలు కొత్త విషయంలా రాశాయి. గల్ఫ్ డిజైనర్లు అప్పటికే ఎప్పటినుంచో ఆ పనిలో ఉన్నారు. రంగుల విషయంలో అసలు కదలిక 2018 మార్చిలో వచ్చింది. నల్ల అబాయానే వేసుకోవాలని షరియాలో లేదని సౌదీ యువరాజు మహమ్మద్ బిన్ సల్మాన్ అమెరికా టీవీ ఇంటర్వ్యూలో చెప్పారు. లేత గోధుమ, బూడిద, నీలం రంగుల అబాయాలు ఇప్పుడు పాతబస్తీ అద్దాల వెనక కూడా వేలాడుతున్నాయి. పెళ్లికి మాత్రం నలుపే కావాలనేవాళ్లు చాలామంది. అది భక్తి మాత్రమే కాదు, జరీ నలుపు మీద లేచినట్టు మరే రంగు మీదా లేవదు.

ఫ్రాన్స్ 2023లో ప్రభుత్వ బడుల్లో అబాయాను నిషేధించింది. సెప్టెంబర్‌లో అక్కడి అత్యున్నత పరిపాలనా న్యాయస్థానం ఆ నిర్ణయాన్ని ఆపడానికి నిరాకరించింది. అయితే బడి గేటు దగ్గర నిలబడ్డ ఉద్యోగి పొడుగాటి వదులు గౌనుకూ అబాయాకూ తేడా ఎలా చెప్పాలి? కుట్టేవాడిని అడిగినా, ఫలానా కుట్టు ఉంటేనే అబాయా అని చూపించలేడు.

కొనేవాళ్ల గొడవ వేరే. నమాజుకు ముందు చేసే వజూకు మోచేతి దాకా కడుక్కోవాలి కనుక చేతులు పైకి పోవాలి. అందుకే ముంజేతి దగ్గర టిచ్ బటన్లో, ఎలాస్టికో. పసిబిడ్డ తల్లులకు పాలివ్వడానికి వీలుగా జిప్పు. స్కూటీ నడిపేవాళ్లు ఘేరా తగ్గించమంటారు, చక్రంలో పడకుండా. కాలేజీ పిల్లలు జేబు అడుగుతారు, ఫోన్ పట్టేంత లోతుగా, రెండు పక్కలా.