విలియమ్స్‌బర్గ్: పునరుద్ధరణ, పునర్నిర్మాణం

అమెరికాలోని వర్జీనియా రాష్ట్రంలో ఉన్న చిన్న పట్టణం విలియమ్స్‌బర్గ్. 1699 నుంచి 1780 వరకు వర్జీనియాకు ఇదే రాజధాని. రాజధాని రిచ్‌మండ్‌కు తరలిపోయాక దీని ప్రాధాన్యం తగ్గింది. గుడ్విన్ అనే మతాచార్యుడి ప్రోద్బలంతో, జాన్ డి. రాక్‌ఫెల్లర్ జూనియర్ ధనంతో 1926లో ఈ పట్టణానికి తిరిగి 18వ శతాబ్దపు రూపం తెచ్చే పని మొదలైంది.

ఇక్కడి కట్టడాలను పరిశీలించేటప్పుడు మీరు రెండు మాటల తేడా గుర్తుంచుకోవాలి. ఉన్న కట్టడాన్ని బాగుచేసి పూర్వరూపానికి తేవడం పునరుద్ధరణ. లేనిదాన్ని ఆధారాలతో మళ్లీ కట్టడం పునర్నిర్మాణం. ఇక్కడ అసలైన పాత కట్టడాలుగా లెక్కించేవి 89. గవర్నర్ ప్యాలెస్ వాటిలో లేదు. అది 1781లో కాలిపోయింది. ఇప్పుడున్నది 1934లో ప్రారంభమైనది. అలాగని అది కేవలం ఊహాసౌధం కాదు. తవ్వకాల్లో దొరికిన పునాదులు, థామస్ జెఫర్సన్ కొలతలతో గీసిన నమూనా, ఆక్స్‌ఫర్డ్‌లోని బోడ్లియన్ గ్రంథాలయంలో బయటపడిన రాగిరేకు చిత్రం దానికి ఆధారాలు. పనితనానికి వంక పెట్టడం కష్టం.

నా అభ్యంతరం కట్టినదాని మీద కాదు, కూల్చినదాని మీద. 18వ శతాబ్దానికి చెందవన్న కారణంతో తర్వాతి కాలపు కట్టడాలను వందల సంఖ్యలో తొలగించారు. ఫలితంగా డ్యూక్ ఆఫ్ గ్లోస్టర్ వీధిలోని చెక్క పలకల గోడలు, ఏటవాలు కప్పుల్లోంచి పొడుచుకొచ్చిన కిటికీలు, ఇటుక పొగగొట్టాలు అన్నీ ఒకే ఈడువిగా కనిపిస్తాయి. మనుషులు కాపురముండే వీధి అలా ఉండదు. తాత కట్టిన ఇంటికి మనవడు వేయించిన వరండా కూడా చరిత్రే కదా! కట్టడానికి అన్ని కాలాల్లో జరిగిన చేర్పులనూ గౌరవించాలని 1964 నాటి వెనిస్ ఛార్టర్ చెప్పింది. అయితే అప్పటికే ఇక్కడ కూల్చివేతలు చాలావరకు జరిగిపోయాయి.

పర్యాటకులు ముందుగా ప్యాలెస్ వైపు నడుస్తారు. ఇళ్ల వెనుక విడిగా ఉండే వంటశాలలే ముందు చూడమని నేనంటాను. బానిసలు పనిచేసినదీ, చాలాచోట్ల నివసించినదీ అక్కడే. 18వ శతాబ్దపు పట్టణ జనాభాలో సగానికి పైగా నల్లజాతివారే. బానిసలూ, స్వేచ్ఛ పొందిన నల్లజాతివారూ కలిసి నెలకొల్పుకున్న ఫస్ట్ బాప్టిస్ట్ చర్చికి 1856లో కట్టిన ఇటుక భవనం ఉండేది. పరిరక్షణ సంస్థ దాన్ని కొని, 1950ల దశకంలో కూల్చివేయించింది. తర్వాత ఆ స్థలాన్ని కార్లు నిలపడానికి వాడారు. 2020లో అక్కడ తవ్వకాలు మొదలుపెడితే, తొలి చర్చి పునాదులతో పాటు అరవైకి పైగా సమాధులు బయటపడ్డాయి.