జీడిపప్పుతో అలంకరించండి

పత్రికల్లో వచ్చే వంటల పేజీని సాహిత్య విమర్శకులు చదవరు. అది సాహిత్యం కాదని వాళ్ల నమ్మకం. మాలతీ చందూర్ 'హృదయనేత్రి'కి 1992లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. ఆ నవల మీద వ్యాసాలున్నాయి. ఆవిడే రాసిన 'వంటలు – పిండివంటలు' ఎన్నో ముద్రణలు పొంది, కొత్తగా కాపురానికి వెళ్లే అమ్మాయిల పెట్టెల్లో చేరింది. దాని మీద విమర్శ ఎక్కడుంది? అంతమంది ఆడవాళ్లు అంత శ్రద్ధగా, పక్కన గంటె పెట్టుకుని చదివే వచనాన్ని మనం రచనగా చూడకపోవడం మామూలు విషయం కాదు.

నా గొడవ ఏ ఒక్క పుస్తకంతోనో, రచయిత్రితోనో కాదు. వంటల రాతకి స్థిరపడిపోయిన భాషతో. కజ్జికాయల తయారీనే తీసుకుందాం. 'మైదాలో నెయ్యి వేసి కలిపి నానబెట్టాలి. కొబ్బరి కోరు, బెల్లం, యాలకుల పొడి కలిపి ఉంచుకోవాలి. పూరీలా ఒత్తి, మధ్యలో పెట్టి, అంచులు మడిచి, నూనెలో దోరగా వేయించాలి.' అన్నీ 'ఆలి'లే. ఎవరు కలపాలి, ఎవరు ఒత్తాలి అన్నది ఆ వాక్యాల్లో ఉండదు. కర్త అక్కర్లేదు, ఎందుకంటే కర్త ఎవరో అందరికీ తెలుసు. 'కొబ్బరి కోరు ఒక కప్పు' అంటారు. కాయ వలిచి, కొట్టి, కోరిన గంట ఏమైనట్టు? కొలత పదార్థానికే తప్ప పనికి లేదు.

నిజానికి పిండివంట ఒక్క మనిషి పని కాదు. అరిసెలకి ముందురోజే బియ్యం నానబోయాలి. తడిపిండి ఆరకముందే పాకం రావాలి. ఒకరు పాకం చూస్తుంటే ఒకరు పిండి పోస్తారు, ఒకరు తిప్పుతారు, ఒకరు తట్టి నూనెలో వేస్తారు, ఇంకొకరు చెక్కల మధ్య నొక్కి నూనె తీస్తారు. మా టెక్కలి, పలాస వైపు సంక్రాంతి అంటే పెద్దపండగ. వలస వెళ్లినవాళ్లు ఇళ్లకి చేరతారు. ఇరుగుపొరుగు ఆడవాళ్లు ఇవాళ మీ ఇంట్లో, రేపు మా ఇంట్లో అని వంతులు వేసుకుని చేస్తారు. కజ్జికాయ అంచు అల్లిక చూసి ఇది ఎవరి చెయ్యో చెప్పేస్తారు. నువ్వులు అద్దిన తీరు చూసి ఎవరికి ఓపిక ఎక్కువో కూడా చెప్పేస్తారు. అలసటతో పాటు నవ్వులూ, వెక్కిరింతలూ, బయట చెప్పుకోలేని మాటలూ ఆ పొయ్యి దగ్గరే. పండగ వంటంతా చాకిరీయే అంటే వాళ్లు ఒప్పుకోరు. ఆ పనిలో ఆనందం కూడా ఉంది. కానీ వంటల పేజీలో ఈ గుంపు కనిపించదు. పేరు లేని ఒక్క గృహిణి, ఆమె చుట్టూ కప్పులూ స్పూన్లూ, అంతే.

స్త్రీవాద సాహిత్యం ఆ గృహిణికి పేరు వెతికింది. 1993లో వచ్చిన 'నీలిమేఘాలు' తర్వాత తెలుగు పాఠకులు వంటింటిని పాత కళ్లతో చూడలేకపోయారు. విమల 'వంటిల్లు' కవిత మనల్ని ఎంత కలవరపెట్టిందో గుర్తుంది కదా! పి. సత్యవతి 'ఇల్లలకగానే' కథలో గృహిణి ఇల్లలుకుతూ తన పేరే మర్చిపోతుంది. ఇల్లలకగానే పండగ కాదని సామెత. పండగ ఇంకా దూరంగా ఉంది, ఎవరికన్నది ప్రశ్న. రచయిత్రి ఆ సామెతలో సగాన్ని శీర్షికగా పెట్టి, మిగతా సగం మన చేత అనిపించింది. వంటల పేజీ చెరిపేసిన కర్తని ఈ రచనలు వెనక్కి తెచ్చాయి.

అయితే ఆ కర్తతో పని పూర్తయిందా? పలాసలో కూర్చుని చదివితే కాలేదనిపిస్తుంది. ఎందుకంటే ఆ వంటలన్నిటికీ చివర ఒక వాక్యం ఉంటుంది: 'వేయించిన జీడిపప్పుతో అలంకరించండి.'

పలాస–కాశీబుగ్గ జీడి పరిశ్రమల్లో పనిచేసేవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు. పిక్కని కాల్చో, ఆవిరి పెట్టో పగలగొట్టాలి. పెంకులోని జీడి నూనె తగిలితే చర్మం పొక్కుతుంది, నల్లబడుతుంది, పొరలుగా ఊడుతుంది. తర్వాత పైపొట్టు తీయాలి, పప్పు విరగకూడదు. ఆపైన గ్రేడింగు. 320 నంబరు అంటే పౌనుకి సుమారు 300 నుంచి 320 పప్పులు తూగే రకం. 180 అంటే ఇంకా పెద్దది, ఖరీదైనది. పప్పుకి ఇంత లెక్క ఉంది. ఒలిచిన చేతికి మాత్రం అలంకరణలో చోటు లేదు. పాకం వచ్చిందో లేదో చూడ్డానికి చల్లనీళ్లలో వేసి వేళ్లతో ఉండ చేస్తాం. ఆ వేళ్ల కొసలే పొక్కిపోయిన మనిషి ఇంట్లో పండగ ఎలా ఉంటుంది? ఆ కథ వంటల పేజీలోనూ రాలేదు, వంటింటి కవితలోనూ రాలేదు. మన విమర్శ గడప దాటి పిక్కల షెడ్డు దాకా వెళ్లాలని నేననేది ఇందుకే.

ఉద్దానంలో అలంకరణకి ఇంకో అర్థం కూడా ఉంది. కొబ్బరి, జీడి ఈ నేల పంటలు. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఆ తోటలే కూలాయి. కొత్తగా నాటిన కొబ్బరి కాపుకి రావడానికి ఏళ్లు పడుతుంది. మూడు నెలలకే సంక్రాంతి వచ్చింది. ఇక కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు మండలాల్లో కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్లలో ఉందో చెప్పనక్కర్లేదు. పలాసలో 2023 డిసెంబర్‌లో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభించేంతగా ఉంది. డయాలసిస్ మీదున్నవాళ్లకి కొబ్బరి, జీడిపప్పు, బెల్లం తగ్గించమంటారు డాక్టర్లు. పొటాషియం పెరుగుతుందని. అంటే సొంత నేల పండించిన తీపే ఇంట్లో మనిషికి పనికిరాకుండా పోయింది.

అప్పుడు ఇంటావిడ ఏం చేస్తుంది? అదే మైదా పిండిలో వేయించిన రవ్వ, కాస్త పంచదార పెట్టి వేరే కజ్జికాయలు చేస్తుంది. కలిసిపోకుండా అంచు ఇంకోలా అల్లుతుంది. జబ్బు తనదే అయితే, తను తినలేనివి అందరికీ చేసి పెడుతుంది. ఇది కూడా వంటే. దీన్ని రాసిన పేజీ ఏది?

ఈమధ్య స్వగృహ దుకాణాల్లో పిండివంటలు కిలోల్లెక్కన దొరుకుతున్నాయి. మంచిదే, నడుములకి విశ్రాంతి. కానీ 'స్వగృహ' అంటే ఎవరి ఇల్లు? అక్కడ రోజంతా పొయ్యి ముందు నిలబడే ఆడవాళ్ల పేరు డబ్బా మీద ఉండదు. ఇంటి రుచి అమ్ముడుపోతోంది, కర్త మళ్లీ మాయం.

వంటలు రాయొద్దని నేననను. ఇంకా వివరంగా రాయమంటాను. ఈసారి సంక్రాంతి ప్రత్యేక సంచికలో 'కావలసిన పదార్థాలు' కింద 'కావలసిన చేతులు' అని ఒక వరుస వేయండి. కొబ్బరి కోరడానికి ఎంతసేపు, అంచు అల్లడానికి ఎందరు, జీడిపప్పు ఒలిచింది ఎవరు, ఆమెకి కిలోకి ముట్టింది ఎంత. ఆ లెక్క వేశాక అలంకరించండి.