కర్ర మీద పూసిన పువ్వు

వనదేవతల రాజు ఓబెరాన్ తన పరివారంలోని పక్‌ని పంపి ఒక పువ్వు తెప్పించుకుంటాడు. దాని రసం నిద్రపోయేవాళ్ళ కళ్ళలో పిండితే, లేచీ లేవగానే ఎవరు కనబడితే వాళ్ళమీద వెర్రి ప్రేమ పుట్టుకొస్తుంది. షేక్‌స్పియర్ 'ఎ మిడ్‌సమ్మర్ నైట్స్ డ్రీమ్'లో గందరగోళమంతా ఆ పువ్వు తెచ్చిపెట్టిందే. మరి దాన్ని రంగస్థలం మీద ఎలా చూపించాలి? కాగితం పువ్వు పట్టుకొస్తే అది కాగితం పువ్వే. అందులో మాయ ఏముంటుంది?

1970 ఆగస్టులో స్ట్రాట్‌ఫర్డ్‌లో, రాయల్ షేక్‌స్పియర్ కంపెనీకి పీటర్ బ్రూక్ ఈ నాటకం చేయించినప్పుడు అసలు పువ్వే లేదు. సన్నటి కడ్డీ మీద గిర్రున తిరిగే పళ్ళెం ఉంది. పక్ వేషధారి జాన్ కేన్ ట్రపీజు అనే సర్కస్ ఊయల మీద దిగివచ్చి, తిరుగుతున్న ఆ పళ్ళేన్ని ఓబెరాన్ వేషంలో ఉన్న అలన్ హోవర్డ్ కడ్డీ మీదికి మార్చేవాడు. పళ్ళెం ఆగకూడదు, పడకూడదు. హాలులో జనం ఊపిరి బిగబట్టేది అక్కడే. ఆ బిగబట్టిన ఊపిరే మాయ అని నేను నమ్ముతాను. అది పువ్వు అని ఎవరూ నమ్మించనక్కర్లేదు. ఏదో జరగరానిది కళ్ళముందు జరుగుతోందని ప్రేక్షకుడి ఒంటికి తెలిసిపోయింది.

మహాకవి నాటకానికి ఈ కుప్పిగంతులెందుకని అడిగేవాళ్ళు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. వాళ్ళు నాటకాన్ని పుస్తకంలో చదివి ఆగిపోయారనుకుంటాను. మూడో అంకంలో, పువ్వు రసం వల్ల మనసు మారిన లైసాండర్‌కీ అతని ప్రేయసి హెర్మియాకీ మధ్య గొడవ చూడండి. ఆమె అతన్ని వదలదు, అతను విదిలించుకోలేడు. అతనిప్పుడు వెంటపడుతున్న హెలెనా పొడుగు, హెర్మియా పొట్టి. ఆ పొట్టితనం మీద ఎగతాళి మొదలవగానే హెర్మియా గోళ్ళతో మీదపడబోతుంది, మగవాళ్ళిద్దరూ అడ్డుపడతారు. నలుగురూ నాలుగు మూలల నిలబడి చక్కగా పద్యం చెబితే ఈ సన్నివేశం చచ్చిపోతుంది. పట్టు, విదిలింపు, దూకుడు అన్నీ మాటల్లోనే రాసి ఉన్నాయి. బ్రూక్ ప్రదర్శనలో లైసాండర్ హెర్మియాను ఏకంగా ట్రపీజుకి తగిలించి వదిలేస్తాడు. ఆమె కాళ్ళు కొట్టుకుంటూ అరుస్తూనే ఉంటుంది. ప్రేమించినవాడు కాదు పొమ్మంటే కాళ్ళకింద నేల ఉండదని మనం అంటూంటాం. అక్కడ నిజంగానే లేదు.

షేక్‌స్పియర్ రాసింది కూడా ఇలాంటి ఒళ్ళున్న నటుల కోసమే. అంతకుముందు ఆయన బృందంలో విదూషకుడిగా ఉన్న విల్ కెంప్ 1600లో లండన్ నుంచి నారిచ్ దాకా, నూరు మైళ్ళకు పైగా, మోరిస్ అనే జానపద నృత్యం చేస్తూ వెళ్ళాడు. ఆడింది తొమ్మిది రోజులు. ఆ తర్వాత ఆ ముచ్చటంతా తానే పుస్తకంగా అచ్చేశాడు. ఈ నాటకంలో నేతగాడు బాటమ్ వేషం మొదట వేసింది అతనేనని చాలామంది పండితుల అభిప్రాయం. అదే కాలంలో ఇటలీలో కొమ్మెదియా దెల్ ఆర్తె బృందాలు ఊరూరా తిరుగుతున్నాయి. వాళ్ళ ఆటలో 'లాత్సీ' అనే చిన్న చిన్న హాస్యపు తునకలుంటాయి. ఈగను పట్టడం, నిచ్చెన మీంచి జారడం లాంటివి. కథ ఎక్కడ చల్లబడితే అక్కడ ఒకటి అందుకుంటారు. వాళ్ళ ఆటలో ఆర్లెకీనో అనే హాస్యపాత్ర చేతిలో రెండు పలకలు కలిపి కట్టిన కర్ర ఒకటి ఉండేది. కొడితే చప్పుడు ఘనం, దెబ్బ స్వల్పం. ఇంగ్లీషులో స్లాప్‌స్టిక్ అనే మాట ఆ కర్రనుంచే వచ్చింది.

చప్పుడు ఒకరిది, దెబ్బ ఒకరిది. ఈ విద్య మర్మం అదే. రంగస్థలం మీద చెంపదెబ్బ చెంపకు తగలదు. జనానికి కనబడని చోట ఎవరో ఒకరు అరచేత్తో తమ ఒంటిమీదే చరుచుకుంటారు. జుట్టు పట్టి ఈడ్చేటప్పుడు ఈడ్చేవాడి చేయి నెత్తిమీద ఊరికే ఆని ఉంటుంది. ఆ చేతిని రెండు చేతులా పట్టుకుని, కదలికంతా నడిపేది దెబ్బ తినే మనిషే. పడటం కూడా అంతే. మోకాలు, తుంటి, భుజం వరసగా నేలను తాకుతూ దొర్లాలి. ఒక్కసారిగా పడితే ఎముక విరుగుతుంది. దెబ్బ తగిలిన వెంటనే ఏడిస్తే నవ్వు రాదు. ఒక్క క్షణం ఏమైందో తెలియనట్టు నిలబడి, అప్పుడు ఏడవాలి. ఆ క్షణం ఎంతసేపో నెలల తరబడి సాధన చేసినవాళ్ళకే తెలుస్తుంది.

ఇంత శ్రమలోనూ మాట తప్పకూడదు. షేక్‌స్పియర్ పాదానికి దాదాపు పది అక్షరాల నడక ఉంది. ఊగుతున్న మనిషి ఊపిరి ఎక్కడ తీయాలో ముందే లెక్క వేసుకోకపోతే పాదం మధ్యలో తెగుతుంది. పౌరాణిక నాటకాల్లో పద్యం ఎత్తుకునే మన నటులకు ఈ కష్టం వేరే చెప్పాలా! కానీ వాళ్ళ కాళ్ళు నేలమీద ఉంటాయి.

బ్రూక్‌కు ఈ నాటకాన్ని సర్కస్ పద్ధతిలో ఆడించాలన్న ఆలోచన రావడానికి పారిస్‌లో చూసిన చైనా సర్కస్ ఒక కారణం. రంగాలంకరణ చేసిన శాలీ జేకబ్స్ ఆయనకు అడవి కట్టలేదు. మూడు పక్కలా తెల్లటి గోడలు, పైన చుట్టూ నడవా, అంతే. వేషం లేని నటులు ఆ నడవాలోంచి కింద ఆట చూస్తూ నిలబడేవారు. చెట్లంటే గేలాల కర్రలకు వేలాడదీసిన తీగచుట్టలు. ప్రేమికులు వాటిలో చిక్కుకునేవారు. పక్ పొడవాటి కర్రకాళ్ళ మీద తిరుగుతూ కుర్రాళ్ళిద్దర్నీ చీకట్లో తిప్పలు పెట్టేవాడు. గాడిదగా మారిన బాటమ్‌కు గాడిద తల కూడా పెట్టలేదు. బఫూన్ ముక్కు, చిన్న చెవులు, కాళ్ళకు చెక్క బూట్లు. మొహం కనబడుతుంది కనుక ఆ మనిషి బిత్తరపోవడమూ మురిసిపోవడమూ కనబడతాయి. నాకు ఈ ప్రదర్శన వివరాలన్నిటిలోకీ ఇష్టమైనది ఇదే.

మన దేశానికి సంబంధించిన ప్రయోగం 2006లో వచ్చింది. టిమ్ సపుల్ అనే ఆంగ్ల దర్శకుడు భారత, శ్రీలంక కళాకారులతో ఇదే నాటకం చేశాడు. ఇంగ్లీషు, హిందీ, బెంగాలీ, మరాఠీ, తమిళం, మలయాళం, సింహళం కలగలిసిన ఆట. అందులో తెలుగు లేకపోవడం నాకు ఈనాటికీ లోటే. గడ మీద, మోకు మీద ఒళ్ళు మరిచి ఆడిన దొమ్మరాట చూసి పెరిగిన భాష మనది. సపుల్ ఆటలో వెనక వెదురు చట్రానికి కాగితం అంటించిన గోడ. వనదేవతలు ఆ కాగితం చించుకుని దూకుతారు. వాళ్ళ రాణి టైటానియా పైనుంచి వేలాడే ఎర్రటి గుడ్డల్లో పడుకుంటుంది. పక్ ప్రేమికులను తాళ్ళతో చుట్టేస్తాడు. ఏడు భాషల్లో ప్రతిమాటా అర్థమయ్యే ప్రేక్షకుడు ఎక్కడా ఉండడు. అయినా చిరిగే కాగితం చప్పుడికి ఏ భాషవాడైనా ఉలిక్కిపడతాడు.

బ్రూక్ ప్రదర్శన చివర్లో, చప్పట్లు కొట్టమని పక్ అడిగే ఘట్టంలో, నటులు తెల్లగోడల పెట్టెలోంచి దిగి జనం మధ్యకు వచ్చేవారు. వరసల్లో తిరుగుతూ కనబడినవాళ్ళకల్లా చేయి అందించేవారు. పళ్ళెం తిప్పిన చేతులు, ట్రపీజు పట్టిన చేతులు, ఇంకా చెమట ఆరని చేతులు.