చుక్క పక్కన చుక్క

హోలీకి మంథని ఇళ్లలో మోదుగు పూలు ఉడికించిన నీళ్లు చూస్తే అంతా ఒకటే కాషాయం అనిపిస్తుంది. కానీ ఆ నీళ్లలో నారింజ ఛాయ పసుపు రంగున్న బ్యూటీయిన్ ఉంది, రంగే లేని బ్యూటిన్ ఉంది, ఆ రెంటికీ చక్కెర తగులుకోగా ఏర్పడ్డ ఐసోబ్యూట్రిన్, బ్యూట్రిన్ కూడా ఉన్నాయి. కంటికి ఒకటిగా కలిసిపోయిన వీటిని విడదీసి చూపించే పద్ధతి పేరు థిన్ లేయర్ క్రొమటోగ్రఫీ. ల్యాబుల్లో అంత పేరు ఎవరూ పలకరు. "టీఎల్‌సీ వేశావా?" అంటారు, అంతే.

వేయడానికి పెద్ద సరంజామా అక్కర్లేదు. గాజు పలక మీదో అల్యూమినియం రేకు మీదో పావు మిల్లీమీటరు మందాన సిలికా జెల్ పూత ఉంటుంది. అడుగు నుంచి ఒక సెంటీమీటరు పైన పెన్సిల్‌తో గీత గీస్తారు. పెన్నుతో గీస్తే ఆ సిరా కూడా పైకి పాకి పరీక్షంతా పాడవుతుంది. గీత మీద వెంట్రుక లాంటి గాజు గొట్టంతో చుక్క పెడతారు. చుక్క ఎంత చిన్నదైతే అంత మంచిది. చేయి తిరగనివాళ్ల ప్లేటు తోకచుక్కలతో నిండిపోతుంది! చుక్క ఆరాక, మూత ఉన్న గాజు పాత్రలో అర సెంటీమీటరు ద్రావణి పోసి ప్లేటును నిలబెడతారు. గీత అందులో మునగకూడదు. దీపంలో వత్తి నూనె పీల్చినట్టు పూత ద్రావణిని పైకి పీల్చుకుంటుంది.

శివరాత్రికి మంథని మీదుగా కాళేశ్వరం పోయే జనాన్ని తలచుకోండి. అందరూ ఒకేచోట బస్సు దిగుతారు. పిల్లలున్నవాళ్లు ప్రతి బొమ్మల దుకాణం దగ్గరా ఆగుతారు. మొక్కు తీర్చుకోవాలన్న పెద్దాయన ఎటూ చూడకుండా గుడికి పోతాడు. ప్లేటు మీదా అదే వరస. సిలికాను పట్టుకు వేలాడే పదార్థం కింద ఉండిపోతుంది, దాన్ని పట్టించుకోనిది ద్రావణితో పాటు పైకి పోతుంది. మోదుగు పూలలో చక్కెర తగులుకున్నవి కిందే ఆగడానికి కారణం ఇదే.

ద్రావణి 8 సెంటీమీటర్లు ఎక్కి, చుక్క 6 దగ్గర ఆగితే, 6ను 8తో భాగించగా వచ్చే 0.75 ఆ చుక్క ఆర్ఎఫ్ విలువ. పాఠ్యపుస్తకాలు ఈ అంకెను నెత్తిన పెట్టుకుంటాయి. నన్నడిగితే అంత నమ్మకం పనికిరాదు. గాలిలో తేమ మారితే అదీ మారుతుంది. వానాకాలంలో గోదావరి ఒడ్డున వేసిన ప్లేటు, మే నెల ఎండల్లో రామగుండంలో వేసిన ప్లేటు ఒకే మాట చెప్పవు. అందుకే తెలిసిన సరుకు చుక్కను అదే ప్లేటు మీద పక్కనే పెట్టాలి. ఈ విద్యలోని కిటుకంతా అక్కడే ఉంది.

1938లో ఖార్కివ్‌లో ఇజ్మైలోవ్, ష్రైబర్ మందు మొక్కల సారాలను ఇలా గాజు పలకల మీద విడదీశారు. ఎగాన్ స్టాల్ అనే జర్మన్ 1950ల చివర్లో పొడికీ పూత మందానికీ లెక్క కట్టాకే అది లోకమంతా పాకింది.

మన దగ్గర దీని అవసరం ఎక్కడుందంటే, కల్లులో. కరీంనగర్, ఆదిలాబాద్, నిజామాబాద్ ప్రాంతాలకు కల్తీ కల్లు కొత్త కథ కాదు. చెట్టు కల్లు చాలనిచోట నీళ్లకు మత్తు ఎక్కించడానికి సీహెచ్ అని పిలుచుకునే క్లోరల్ హైడ్రేట్, డైజెపాం, అల్ప్రాజోలం కలుపుతారు. 2015లో సర్కారు దాడులు పెంచినప్పుడు, అలవాటు పడ్డ ఒళ్లు ఆ మత్తు అందక వణికి, మతి తప్పి, ఎంతోమంది ఆసుపత్రుల పాలయ్యారు. ఈ కల్తీ నాలుకకు దొరకదు. పులుపు, నురగ అన్నిటినీ కప్పేస్తాయి.

ప్లేటుకు మాత్రం దొరుకుతుంది. కల్లులో అమ్మోనియా కలిపి క్లోరోఫామ్‌తో కుదిపితే మందు క్లోరోఫామ్‌లోకి దిగుతుంది. దాన్ని ఇగరబెట్టి ఆ మిగులుతో చుక్క పెడతారు. పక్కనే అసలు డైజెపాం చుక్క, అసలు అల్ప్రాజోలం చుక్క. నాలుగు పాళ్ల క్లోరోఫామ్‌కు ఒక పాలు ఎసిటోన్ ద్రావణిలో డైజెపాం సగం దూరం ఎక్కుతుంది, అల్ప్రాజోలం చాలా కిందే ఆగుతుంది. 254 నానోమీటర్ల అతినీలలోహిత దీపం కింద ప్లేటంతా ఆకుపచ్చగా వెలుగుతుంటే మందున్న చోటు నల్లగా కనబడుతుంది. డ్రాగెన్‌డార్ఫ్ ద్రావణం చల్లితే అదే చోటు నారింజ రంగుకు తిరుగుతుంది. సీహెచ్‌ సంగతి వేరు, పిరిడిన్‌తో ఎర్రబడే ఫుజివారా పరీక్ష దానికి.

రెండు చుక్కలు ఒకే ఎత్తున ఆగినంత మాత్రాన ఎవరినీ జైలుకు పంపకూడదు. వేరే పదార్థమూ ఆ ఎత్తునే ఆగొచ్చు. ఆ తేల్పు జీసీ-ఎంఎస్ లాంటి యంత్రాలు చేయాలి. కానీ 20 సెంటీమీటర్ల ఒక్క ప్లేటు మీద డజనుకు పైగా నమూనాలు పక్కపక్కన నడుస్తాయి. ఏది యంత్రం దాకా పోవాలో గంటలోపు తెలిసిపోతుంది.

మెట్‌పల్లి, కోరుట్ల పసుపుకూ ఇదే పరీక్ష. మంచి పసుపు మూడు పచ్చని చుక్కలుగా విడిపోతుంది, అన్నిటికంటే పైది కర్కుమిన్. కల్తీకి కలిపే మెటానిల్ ఎల్లో గీత దగ్గరే కదలకుండా కూర్చుంటుంది. లెడ్ క్రోమేట్ కలిపితే మాత్రం ఈ ప్లేటు పట్టలేదు, అది ద్రావణిలో కరగనే కరగదు.

బడిలో సిలికా జెల్ లేకపోతే సుద్దముక్క చాలు. అడుగుకు కాస్త పైన నల్ల స్కెచ్ పెన్నుతో చుట్టూ గీత గీసి, గిన్నెలో కొద్దిగా నీళ్లు పోసి నిలబెట్టండి. కాసేపట్లో నలుపులోంచి దాగిన రంగులు బయటికొస్తాయి. గీత మాత్రం నీళ్లలో మునగనివ్వకండి.