విప్పడానికి వీలైన గుమ్మం

అశోక్‌నగర్, చిక్కడపల్లి సందుల్లో ఇల్లు కూల్చడం పైకప్పుతో మొదలవదు. ముందు తలుపులు పోతాయి, ఆ వెనకే కిటికీలు, ఇనుప గ్రిల్లులు, వరండాలోని షాబాదు బండలు. గోడ మీద సుత్తి పడేసరికి నాలుగు డబ్బులు వచ్చే సామానంతా ట్రాలీ ఆటో ఎక్కేసి ఉంటుంది. డెవలప్‌మెంట్‌కు ఇచ్చేసిన ఇంటివాళ్లకు వచ్చే ఫ్లాట్ల లెక్కే తప్ప ఈ సామాను మీద ధ్యాస ఉండదు. కూల్చే కాంట్రాక్టరుకు మాత్రం లాభమంతా అందులోనే.

అశోక్‌నగర్‌లో మా బాబాయి వాళ్ల ఇల్లూ అలాగే పోయింది. గ్రూప్స్‌కి చదివే పిల్లలకు గదులు అద్దెకిచ్చి కొన్నేళ్లు నెట్టుకొచ్చారు, చివరికి బిల్డరుకు అప్పజెప్పారు. వీధి గుమ్మం మాత్రం ఉప్పల్ దగ్గర మేం కట్టుకుంటున్న ఇంటికి తెచ్చుకున్నాను. పిన్ని ససేమిరా అంది. ‘పాతింటి కర్ర కొత్తింటికి పనికిరాదురా, వాస్తు ఒప్పుకోదు’ అని ఆవిడ పట్టు. ఆ పట్టు సడలించింది వడ్రంగి మేస్త్రీ. ‘అరవై ఏండ్లు ఎండిన టేకు కట్టె అమ్మా ఇది. ఇగ వంగుడు, పగులుడు ఏముంటది? ఇప్పుడు కొనే పచ్చి కట్టెకే ఆ భయం’ అన్నాడు. పిన్ని గడపకు పసుపు రాసి, కొత్త కర్ర కిందే లెక్క అని తనకు తానే సర్దిచెప్పుకుంది.

ఆ ద్వారబంధాన్ని విప్పడం చూడాలి. నిలువు కర్రకు తొలిచిన రంధ్రంలో అడ్డకర్ర కొన దూరి ఉంది. రెంటినీ కలిపి అడ్డంగా వేలెడు చెక్క మేకు. మేస్త్రీ అవతలి నుంచి ఆ మేకును కొట్టాడు, అది ఊడి కిందపడింది. చట్రం నాలుగు కర్రలై చేతికొచ్చింది, ఒక్క పెచ్చు లేవలేదు. ఇబ్బందంతా పై కర్రతోనే. ఏటేటా పండక్కి మామిడాకుల తోరణం కోసం కొట్టిన మేకులు సగానికి సగం లోపలే విరిగి ఉన్నాయి. రందా పడితే బ్లేడు పోతుంది. అయస్కాంతం ఆనించి ఒక్కోటీ వెతికి పీకాడు. ఎన్ని సంక్రాంతులో, ఎన్ని ఉగాదులో!

అతుకును బట్టే సామాను దక్కేదీ దక్కనిదీ. నారాయణగూడ వైపు ఇంకా పాతకాలపు ఇళ్లలో గోడ డంగు సున్నంతో కట్టింది. తాపీతో రెండు దెబ్బలు వేస్తే సున్నం రాలిపోయి ఇటుక ఇటుకగా చేతికొస్తుంది. సిమెంటు గోడ అలా కాదు, అతుకు విడిచేలోపు ఇటుకే పగులుతుంది. మా బాబాయి ఇల్లు సిమెంటు నాటిది, అందుకే దాన్నుంచి కర్ర, ఇనుము, బండలు తప్ప ఒక్క గోడ ఇటుక మిగల్లేదు. అలాంటి శిథిలాలను పిండిచేసి ఇసుకగా, కంకరగా మార్చడానికి జీడిమెట్లలో రోజుకు 500 టన్నుల ప్లాంటు 2020లో మొదలైంది. మంచిదే. కానీ ఇటుకను ఇటుకగా వాడుకోగలగడం అంతకన్నా మంచిది కాదూ?

శ్రీశైలం ప్రాజెక్టు ముంపులో పోవాల్సిన కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయిగా విప్పి అలంపురంలో మళ్లీ నిలబెట్టారు. చాళుక్యుల నాటి గుడి. రాయి మీద రాయి పేర్చి కట్టింది, సిమెంటు పోసి బిగించింది కాదు. అందుకే ఆ పని సాధ్యమైంది.

ఇప్పుడు ఇంకో వేలంవెర్రి చూస్తున్నాను. పాత తలుపు కొని, పైన అద్దం పరిచి హాల్లో టీపాయ్ చేస్తారు. లేదా గోడకు తగిలించి, కింద దీపం పెడతారు. నాకు నచ్చదు. తలుపు తెరుచుకోవాలి, మూసుకోవాలి, వర్షాకాలం కాస్త బిగుసుకోవాలి. పాత గుమ్మం ఆరడుగులే, కొత్తవాళ్లకు ఏడు కావాలంటారా? మేం పైన మిగిలిన అడుగులో వెంటిలేటర్ పెట్టించాం. వెలుతురు అదనం.

ఒక్క జాగ్రత్త. మా తలుపు మీద చాక్లెట్ రంగు కింద ఆకుపచ్చ, దాని అడుగున నీలం. ఆ కాలపు ఎనామిల్ రంగుల్లో సీసం ఉండొచ్చు. ఇళ్లకు వేసే రంగుల్లో అది పది లక్షల పాళ్లకు 90 దాటకూడదన్న నిబంధన 2017 నవంబరులో గానీ అమల్లోకి రాలేదు. పిల్లలున్న ఇంట్లో పొడిగా సాండ్‌పేపర్ పట్టించకండి. ఆరుబయట, మాస్కు పెట్టుకుని, తడిపి గీకించండి.

పాతిల్లు బిల్డరుకు ఇవ్వబోతున్నారా? అయితే అగ్రిమెంటు మీద సంతకానికి ముందే ద్వారబంధాలు, తలుపులు, బండలు, గ్రిల్లులు మీవేనని ఒక జాబితా రాయించి జతచేయించండి. కూల్చే మేస్త్రీ గేటు దాటి లోపలికొచ్చాక అడిగితే, మీ గుమ్మాన్ని మీరే వెల కట్టి కొనుక్కోవాలి.